షుకర్, మొక్కు, పండుగ: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంత ముస్లిం ఆరాధనా దినాలు – తెలుగు విమర్శ పరిభాష

వ్యాససంగ్రహం

ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో పాటించే ముస్లిం ఆరాధనా దినాలను గురించిన తెలుగు రచన ఎక్కువగా రెండు చట్రాలలో సాగుతోంది. ఒకటి మతసామరస్యం, మరొకటి అస్తిత్వం. ఆ దినాలను పాటించేవారి సొంత మాటలైన ఇబాదత్ (ఆరాధన), నియ్యత్ (సంకల్పం), షుకర్ (కృతజ్ఞత) ఈ రెండు చట్రాలలోనూ పరిశీలన సాధనాలుగా స్థానం పొందలేదు. పీర్ల పండుగ, జాన్‌పహాడ్ ఉర్సు, రంజాన్ మొదలైన సందర్భాలను, వాటి చుట్టూ వచ్చిన తెలుగు ముస్లిం సాహిత్యాన్ని ఆ మాటల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: షుకర్, నియ్యత్, మొక్కు, పీర్ల పండుగ, ఆషూరా, జాన్‌పహాడ్ సైదులు, ముస్లింవాద సాహిత్యం.

1. ఒక వార్తావాక్యం

పీర్ల పండుగ వచ్చినా, జాన్‌పహాడ్ ఉర్సు వచ్చినా జిల్లా పత్రికల పుటల్లో ఒక వాక్యం తప్పక కనబడుతుంది. ఆ వేడుక మతసామరస్యానికి ప్రతీక అన్నదే ఆ వాక్యం. బక్రీదుకు ‘త్యాగనిరతి’, రంజాన్‌కు ‘ఉపవాస దీక్షలు’ అన్న మాటలూ అదే విధంగా స్థిరపడిపోయాయి. ఇవి అబద్ధాలు కావు. హిందువులు పీర్లకు దట్టీలు కట్టించడం, ముస్లిం ముజావర్ హిందువుల పిల్లలకు ఊదు పెట్టడం కంటికి కనిపించే సత్యాలే. అయితే ఇది చూసేవారి వాక్యం. పాటించేవారి నోట ఈ వాక్యం రాదు. జ్వరం తగ్గిన బిడ్డను ఎత్తుకుని పీర్ల కొట్టం ముందు నిలబడ్డ తల్లి సామరస్యాన్ని చాటడానికి అక్కడికి రాలేదు. నిరుడు అన్న మాట చెల్లించడానికి వచ్చింది. రెండు మతాలవారు ఒకచోట చేరడం ఆమె రాకకు ఫలితం. దాన్నే ఆమె ఉద్దేశంగా చదవడం పత్రికలకు అలవాటైంది. పత్రికల నుంచి ఆ అలవాటు పరిశోధనలోకి కూడా ప్రవేశించింది. ‘పీర్ల పండుగ – మతసామరస్యం’ అన్న ధోరణి శీర్షికలు వ్యాసాలకూ సదస్సు పత్రాలకూ సిద్ధంగా దొరికే అచ్చుల్లా మారాయి.

ఉద్దేశాన్ని పక్కనబెట్టి ఫలితాన్ని చదవడం ఏ ఆరాధన విషయంలోనైనా లోపమే. ఇస్లాం విషయంలో అది మరింత పెద్ద లోపం. బుఖారీ హదీసు సంకలనం మొదలయ్యేదే కర్మలన్నీ సంకల్పాన్ని బట్టి నిర్ణయమవుతాయన్న భావంతో. నమాజుకు నియ్యత్ కావాలి. రోజాకు కావాలి. ఖుర్బానీకి కావాలి. అదే పని అదే సమయాన నియ్యత్ లేకుండా జరిగితే అది ఆరాధన కాదు. పగలంతా తిండి దొరకక పస్తున్నవాడికీ రోజా ఉన్నవాడికీ శరీరస్థితి ఒకటే కావచ్చు. భేదమంతా సంకల్పంలో ఉంది. ఇటువంటి ఆరాధనా వ్యవస్థలోని ఒక దినాన్ని సంకల్పం ఊసు ఎత్తకుండా వర్ణిస్తే మిగిలేది ఊరేగింపు ఒక్కటే.

2. రాత్రితో మొదలయ్యే రోజు

హిజ్రీ నెల చంద్రదర్శనంతో మొదలవుతుంది, రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. కనుక శుక్రవారం అంటే గురువారం పొద్దుగూకిన వేళ నుంచే. షాబాన్ నెల పదిహేనవ రాత్రి అయిన షబే బరాత్, రంజాన్ ఇరవై ఏడవ రాత్రిగా వాడుకలో పాటించే షబే ఖద్ర్, రజబ్ ఇరవై ఏడవ రాత్రి అయిన షబే మేరాజ్, ఈ మూడింటి పేర్లలోనూ ‘షబ్’ అంటే రాత్రి ఉంది. దక్కనీ ఇళ్లలో వీటిని కలిపి ‘జగ్‌నే కీ రాత్’ అంటారు, అంటే మేలుకునే రాత్రి. తెలుగు క్యాలెండరు చతురస్రంలో ఈ రాత్రులు ఇమడవు. తారీఖు ఒక గడిలో ఉంటే రాత్రి ముందు గడిలో గడిచిపోతుంది. దీన్ని చిన్న సాంకేతిక విషయంగా కొట్టివేయడానికి లేదు. పవిత్రత పగటితో ముడిపడిన సంస్కృతిలో ‘పర్వదినం’, ‘పుణ్యదినం’ వంటి మాటలు పుట్టాయి. రాత్రిని పవిత్రంగా భావించే అనుభవానికి తెలుగులో శివరాత్రి జాగారం ఒక్కటే దగ్గరి బంధువు. అందుకే కాబోలు, షబే బరాత్‌ను పక్కింటివారికి చెప్పవలసి వస్తే ‘మాకూ జాగారమే’ అని చెప్పడం తేలికవుతుంది.

శుక్రవారం సంగతి మరొకటి. జుమాను తెలుగులో చాలామంది ఆదివారానికి సమానమైన సెలవుదినంగా ఊహిస్తారు. ఖురాన్‌లోని జుమా అధ్యాయం (62వ సూరా) చెప్పే క్రమం వేరు. పిలుపు వినగానే వ్యాపారం వదలాలి, నమాజు ముగియగానే మళ్లీ భూమి మీద విస్తరించి జీవనోపాధి వెతుక్కోవాలి. విశ్రాంతి ప్రస్తావన అందులో లేదు. బియ్యం మిల్లులకు పేరుపడ్డ మిర్యాలగూడలో గాని, హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి మీది సూర్యాపేట, కోదాడల దుకాణాల్లో, మెకానిక్ షెడ్లలో గాని ఒక కార్మికుడు మధ్యాహ్నం కాసేపు పని ఆపి నమాజుకు పోయి తిరిగి వచ్చి రెంచీ పట్టుకుంటే అతను జుమాను సగం పాటించినట్లు కాదు. పూర్తిగా పాటించినట్లు. పనిలోకి తిరిగి వెళ్లడం కూడా ఆ దినపు విధిలో భాగమే.

రంజాన్ విషయంలో ‘దీక్ష’ అన్న అనువాదం ఎంత తోవ తప్పించిందో గమనించదగినది. దీక్ష ఎవరికి వారు కోరి పట్టేది. కాలపరిమితి, వేషం, గురువు ఉండేది. అయ్యప్ప దీక్ష దానికి నేటి ప్రమాణం. రోజా మటుకు యుక్తవయస్సు వచ్చి ఆరోగ్యంగా ఉన్న ప్రతి ముస్లిం మీద విధి, అంటే ఫర్జ్. కోరి పట్టడం అన్న ప్రశ్నే లేదు. రోగికి, ప్రయాణికుడికి, బాలింతకు మినహాయింపు ఉంది. రోజాలను విధించే సందర్భంలో ఖురాన్ (2:185) లెక్క పూర్తి చేయడాన్ని, దైవాన్ని కీర్తించడాన్ని, కృతజ్ఞులు కావడాన్ని ఒకదాని వెంట ఒకటిగా చెబుతుంది. అంటే నెల పొడుగునా సాగిన నిగ్రహం చివరకు చేరే గమ్యం షుకర్. ఈద్ నమాజుకు ముందే ఫిత్రా చెల్లించాలన్న నియమం ఆ షుకర్‌ను మాట స్థాయిలో ఆగనీయదు. పేదవాడి ఇంట పొయ్యి వెలగకుండా ఈద్గాకు పోవడం కుదరదు. తెలుగు వార్తల్లో ఇఫ్తార్ విందులకు దొరికే చోటులో పదోవంతు కూడా ఫిత్రాకు దొరకదు. విందుకు ఫోటో ఉంటుంది, ఫిత్రాకు ఉండదు, ఉండకూడదు కూడా.

బక్రీదు గురించి ఒక్క మాట చాలు. మాంసమూ రక్తమూ దైవానికి చేరవని, చేరేది భయభక్తులేనని ఖురాన్ (22:37) స్పష్టం చేసిన తర్వాత ‘త్యాగం’ అన్న తెలుగు మాటను జంతువుకు కాక నియ్యత్‌కు అన్వయించుకోవలసి ఉంటుంది.

3. ఆషూరా: ఒకే తేదీ, వేరువేరు కృతజ్ఞతలు

ముహర్రం పదవ తేదీ ఆషూరా. ఈ ప్రాంతపు గ్రామాల్లో అది పీర్ల పండుగకు చివరి రోజు. ఈ ఒక్క తేదీలో పరస్పరం పొసగనట్లు కనిపించే అర్థాలు పొరలుగా ఉన్నాయి. తెలుగు విమర్శ వాటిని విడదీసి చూడనందువల్ల పీర్ల పండుగ ‘జానపద వినోదం’గానో ‘సమ్మిశ్ర సంస్కృతి’గానో మిగిలిపోయింది.

అన్నిటికంటె పాత పొర కృతజ్ఞతది. ప్రవక్త మదీనాకు వచ్చినపుడు అక్కడి యూదులు ఆషూరా నాడు ఉపవాసం ఉండటం చూశాడనీ, మూసాను, అతని జాతిని దైవం రక్షించిన దినం కనుక కృతజ్ఞతగా ఉంటున్నామని వారు చెప్పగా తానూ ఉపవాసం ఉండి తనవారినీ ఉండమన్నాడనీ హదీసులు చెబుతాయి. సున్నీ ముస్లింలు నేటికీ ఆ రోజునూ దానికి ముందో వెనకో మరో రోజునూ కలిపి ఐచ్ఛికంగా రోజా ఉంటారు. రెండవ పొర దుఃఖానిది. హిజ్రీ 61లో, అంటే క్రీ.శ. 680లో, అదే తేదీన కర్బలా మైదానంలో ప్రవక్త మనుమడు హుసేన్ తన వారితో కలిసి దప్పికతో అమరుడయ్యాడు. దక్కనులో ఈ దుఃఖానికి రాజాశ్రయం లభించింది. కుతుబ్ షాహీలు షియాలు. 16వ శతాబ్దం చివర మహమ్మద్ కులీ హైదరాబాదులో కట్టించిన బాద్షాహీ ఆషూర్‌ఖానా ఆ సంప్రదాయానికి కేంద్రం. సున్నీలు ఎక్కువగా ఉన్న తెలంగాణ పల్లెల్లో కూడా ఆషూర్‌ఖానాలు వెలసి ‘పీర్ల కొట్టాలు’గా మారడంలో ఆ రాచరికపు ప్రభావం కాదనలేనిది.

మూడవ పొర పూర్తిగా పల్లెది. ఆచారాలు ఊరూరికీ మారుతుంటాయి. అయినా స్థూలంగా ఒక క్రమం ఉంది. ఏడాది పొడుగునా పెట్టెలో భద్రపరచిన పీర్లను ముహర్రం నెల పొడవగానే వెలికి తీస్తారు. తోమి, వెదురు కర్రలకు ఎక్కించి, రంగురంగుల దట్టీలు కడతారు. కొట్టం ముందు అలావా తవ్వి నిప్పు వేస్తారు. దాని చుట్టూ రాత్రులు దూలా ఆడతారు. కుడుకల దండలు, మలీద, చక్కెర, ఊదు చెల్లింపులుగా వస్తాయి. పదవ నాడు పీర్లు ఊరేగి నీటి ఒడ్డుకు పోయి దట్టీలు విప్పుకొని తిరిగి వస్తాయి. పల్లెవాడు హసన్, హుసేన్ ఇద్దరూ కర్బలాలోనే పోయారంటాడు. హసన్ అంతకు పదేళ్ల ముందే మదీనాలో మరణించాడని చరిత్ర చెబుతుంది. దీన్ని అజ్ఞానమని దిద్దబోవడం పండిత చాపల్యం. దుఃఖాన్ని పంచుకునే చోట అన్నదమ్ములను విడదీయకపోవడం ఆచారపు తర్కం.

ఈ మూడవ పొరలో జరిగిన మార్పు ఏమిటి? దుఃఖదినం మొక్కుల దినమైంది. దప్పికతో పోయినవాడిని వాన అడిగారు. పిల్లలను కోల్పోయిన వంశాన్ని పిల్లలను అడిగారు. అడిగినది దక్కితే మరుసటేడు వచ్చి చెల్లించారు. ఆ చెల్లింపులో షుకర్ మళ్లీ వచ్చి కూర్చుంది, మూసా కథ ఎరుగని వాకిట్లో. మొదటి పొరను, మూడవ పొరను కలిపే చారిత్రక దారం ఏదీ లేదు. ఉన్నదల్లా ఒక్కటే: గట్టెక్కించినవాడికి ఏడాదికొకసారి ఆ తేదీన బాకీ ఒప్పుకోవడం. శర్బతు పంచడంలో ఈ కలయిక మరీ స్పష్టం. కర్బలా దప్పికకు అది సంతాపం, తాగినవాడికి అది దానం, పంచినవాడికి అది మొక్కు. ఒకే గ్లాసు. ఆషూరా 2009లో జనవరిలో ఒకసారి, డిసెంబరులో మరొకసారి వచ్చింది. 2023లో జూలై 29న, 2024లో జూలై 17న, 2025లో జూలై 6న వచ్చింది. హిజ్రీ సంవత్సరం ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ దాదాపు 33 ఏళ్లకు ఋతువులన్నిటినీ చుట్టివస్తుంది. చలికాలపు శర్బతు సంతాపం వైపు మొగ్గితే నడివేసవి శర్బతు దానం వైపు మొగ్గుతుంది. పల్లె తిథుల్లో ఇలా అన్ని పంటలకూ ఎదురుపడుతూ తిరిగే పండుగ ఇంకొకటి లేదు. నాట్ల రోజుల్లో వచ్చిన పీర్ల పండుగకు, కోతల తర్వాత వచ్చిన పీర్ల పండుగకు చెల్లింపుల్లో తేడా ఉంటుంది. ఈ తేడాను నమోదు చేసే క్షేత్రపరిశీలన ఒక తరం పాటు సాగవలసిన పని.

ఇక్కడే ‘పండుగ’ అన్న మాట ఇబ్బంది పెడుతుంది. ‘ముహర్రం శుభాకాంక్షలు’ అన్న ఫ్లెక్సీలు ఏటా వెలుస్తాయి. సంతాపం పాటించేవారికి శుభాకాంక్షలు ఎలా నప్పుతాయి? అయితే ‘పీర్ల పండుగ’ అన్న సమాసం ఫ్లెక్సీల సృష్టి కాదు. పల్లె ముస్లింలు తామే వాడే మాట అది. దాన్ని తప్పు ప్రయోగమని దిద్దేవారు గమనించవలసినది ఏమంటే, తెలుగు పల్లెలో ‘పండుగ’కు సంతోషం అనివార్య లక్షణం కాదు. పెద్దలకు బియ్యం ఇచ్చే పెత్రమాసా పండుగే. పోయినవారికి వండిపెట్టడం కూడా పండుగే అయిన భాషలో హుసేన్‌కు పండుగ చేయడం విడ్డూరం కాదు.

4. సైదులు అన్న పేరు

సూర్యాపేట జిల్లా పాలకవీడు మండలంలో, కృష్ణానదికి చేరువలో జాన్‌పహాడ్ దర్గా ఉంది. ఇద్దరు షహీదుల సమాధులున్న ఈ దర్గాను జనం ‘జాన్‌పహాడ్ సైదులు’ అంటారు. ఇక్కడి ఉర్సుకు మిర్యాలగూడ, కోదాడ, హుజూర్‌నగర్ ప్రాంతాల నుంచే కాక కృష్ణ దాటి ఆంధ్ర వైపు నుంచి కూడా జనం వస్తారు. ఉర్సు అంటే అరబ్బీలో పెళ్లి. వలీ మరణాన్ని దైవంతో సంగమంగా భావించే సూఫీ దృష్టి ఆ మాటలో ఉంది. గంధం ఊరేగింపు, చాదర్లు, కందూర్లు ఇక్కడి ప్రధాన విధులు.

ఈ ఉర్సు ఏటా జనవరిలో జరుగుతుంది. పీర్ల పండుగలా ఋతువులు తిరగదు. సాధారణంగా దర్గాల ఉర్సులు హిజ్రీ తేదీని అనుసరిస్తాయి. జాన్‌పహాడ్ మటుకు సూర్యమానపు నెలకు కట్టుబడింది. ఈ స్థిరత్వానికి మూలం ఏదైనా, దాని ఫలితం తెలిసినదే. నాగార్జునసాగర్ ఎడమకాలువ కింది వరి ఇంటికి చేరి, సంక్రాంతి గడిచి, చేతిలో నాలుగు రూపాయలున్న వేళకు ఉర్సు వస్తుంది. కందూరుకు మేకపోతు కావాలి, బండి కావాలి, చుట్టాలను పిలవాలి. మొక్కు చెల్లించగల స్థితి వచ్చినపుడే మొక్కుల దినం రావడం కృతజ్ఞతకు అనుకూలించే ఏర్పాటు. పీర్ల పండుగది దీనికి ఎదురు ధోరణి. చేతిలో లేనప్పుడు కూడా వచ్చి నిలదీస్తుంది. అందుకే పీర్లకు కుడుక, చక్కెర, మలీద చాలు. సైదులుకు పోతు కావాలి. ఈ రెండు దినాల ఆర్థికతలోని తేడా వాటి చెల్లింపుల పరిమాణంలోనే రాసి ఉంది.

అయితే జాన్‌పహాడ్ ఇచ్చిన అసలు సాక్ష్యం ఉర్సు రోజులకు బయట ఉంది. ఈ ప్రాంతపు ఓటర్ల జాబితా ఏది తెరిచినా సైదులు, సైదమ్మ, సైదయ్య, సైదిరెడ్డి, సైదానాయక్ అన్న పేర్లు వరుసగా కనబడతాయి. 2019 హుజూర్‌నగర్ ఉపఎన్నికలో గెలిచిన శాసనసభ్యుడి పేరు శానంపూడి సైదిరెడ్డి. సయ్యద్ అన్న అరబ్బీ మాట తెలుగు నోట ‘సైద్’ అయి, గౌరవార్థక బహువచనం చేర్చుకుని, రాములు, వెంకటేశ్వర్లుల సరసన నిలబడింది. సమాధులు రెండు కనుక అది సంఖ్యావాచక బహువచనం కూడా కావచ్చు. తెలుగులో గౌరవం, సంఖ్య ఒకే ప్రత్యయాన్ని పంచుకుంటాయి కనుక ఈ సందేహం తీరదు, తీరవలసిన అవసరమూ లేదు. ఆ పేరు తర్వాత కులనామాలు ఏ అడ్డంకీ లేకుండా అతుక్కోవడం మరింత విశేషం.

నామశాస్త్ర దృష్టితో చూస్తే ఇది మొక్కు పేర్ల వర్గానికి చెందుతుంది. పిల్లలు నిలవని ఇంట మొక్కుకుని, పుట్టినవాడికి దైవం పేరు పెట్టడం తెలుగునాట అన్నిచోట్లా ఉంది. ముస్లిం సంప్రదాయంలో బిడ్డ పుట్టుకకు షుకర్ తెలిపే విధి అఖీఖా: ఏడవ నాడు తల వెంట్రుకలు తీయించి, ఆ ఎత్తు వెండి దానం చేసి, జంతువును జబా చేసి వండిపెట్టడం. దర్గా దగ్గర పుట్టువెంట్రుకలు తీయించి కందూరు చేసే హిందూ కుటుంబం అఖీఖా మాట విని ఉండకపోవచ్చు. అయినా వెంట్రుకలు, జంతువు, విందు, పేరు అన్న నాలుగు అంగాలూ రెండుచోట్లా ఉన్నాయి. ఎవరు ఎవరిని అనుకరించారన్న ప్రశ్న కంటే, పుట్టుకకు కృతజ్ఞత చెప్పే పద్ధతుల్లో ఇంత పోలిక ఉన్నందువల్లనే దర్గా ఆ కుటుంబానికి పరాయిగా తోచలేదన్న గమనింపు విలువైనది. మేకపోతును ముజావర్ చేత జబా చేయించి, ఫాతెహా ఇప్పించిన తర్వాతనే అది కందూరు. వంటలోకి దిగే ముందు మాంసం ఒక అరబ్బీ ప్రార్థన గుండా పోవాలన్న నియమాన్ని ఆ కుటుంబం ప్రశ్నించదు.

ఉర్సు మూడు రోజుల్లో ముగుస్తుంది. కొడుకును ‘సైదులూ’ అని పిలిచిన ప్రతిసారీ ఆ తల్లి మొక్కు మళ్లీ ఒకసారి చెల్లుతుంది. కృతజ్ఞతకు తిథి నిర్ణయించడం మతవ్యవస్థ చేసే పని. తిథి దాటి దాన్ని రోజువారీ పిలుపులోకి దించడం ఈ ప్రాంతం చేసిన పని. మతసామరస్యం అన్న మాటతో దీన్ని వర్ణిస్తే ఆ తల్లి చేసిన పని కనబడదు.

5. శీర్షికలు చెప్పే సంగతి

ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ (1991), ఖాజా ‘ఫత్వా’ (1998), ‘జల్‌జలా’ సంకలనం (1998), గుజరాత్ మారణకాండ తర్వాత వచ్చిన ‘అజాఁ’ (2002), ‘వతన్’ కథా సంకలనం (2004), షాజహానా ‘నఖాబ్’ (2005) మొదలైన రచనలతో తెలుగులో ముస్లింవాద సాహిత్యం స్థిరపడింది. ఈ వరుసలో ‘జల్‌జలా’, ‘వతన్’ సంకలనాలకు సంపాదకుడైన స్కైబాబ నల్లగొండ జిల్లా కేశరాజుపల్లికి చెందినవాడు. ‘జగ్‌నే కీ రాత్’ అతని కవితా సంపుటి పేరు. ‘అధూరే’ (2011) కథల సంపుటి. ముస్లిం సంస్కృతి మీద వచ్చిన కవితా సంకలనానికి ‘అలావా’ అన్న పేరు పెట్టారు. కడప జిల్లా నుంచి వేంపల్లె షరీఫ్ వెలువరించిన కథల సంపుటి ‘జుమ్మా’ (2011).

ఈ శీర్షికలను ఒకచోట పేర్చి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. అజాఁ, జుమ్మా, జగ్‌నే కీ రాత్, అలావా – ఇవన్నీ ఆరాధన కాలానికి, ఆరాధన స్థలానికి చెందిన మాటలు. ‘జల్‌జలా’ అంటే భూకంపం. ఖురాన్‌లోని 99వ సూరా పేరు కూడా అదే ధాతువు నుంచి వచ్చింది. తమ రాజకీయ వేదనకు పేరు పెట్టవలసి వచ్చినపుడు ఈ రచయితలు తరచు ప్రార్థన పదజాలం వైపు తిరిగారు. విమర్శ మాత్రం ఆ శీర్షికలను అస్తిత్వ చిహ్నాలుగా, అంటే టోపీ, బురఖాల వంటి బాహ్య గుర్తులుగా చదివింది. అలావా అంటే ముస్లిం సంస్కృతి అన్నారు గాని, అలావా చుట్టూ తిరిగేవాడు ఎందుకు తిరుగుతున్నాడని అడగలేదు. అది అణచివేతకు గురైన సమూహపు గొంతుగా గుర్తింపు పొందడం ఆనాటి అవసరం. 1992 తర్వాతి దశాబ్దంలో ఆ గుర్తింపు కోసమే పోరాడవలసి వచ్చింది. ఆ అవసరం తీరిందనడం తొందరపాటే. కాని ఇరవై ఏళ్ల పైబడి అదే ఒక్క ప్రశ్నతో చదవడం ఆ రచనలకు న్యాయం చేయదు.

షరీఫ్ ‘జుమ్మా’ కథ ఇందుకు మంచి పరీక్ష. శుక్రవారం నమాజుకు కొడుకును పట్టుబట్టి పంపే తల్లి, 2007 మే 18న మక్కా మసీదులో జుమా వేళ పేలుడు జరిగిన తర్వాత, కొడుకు మసీదుకు పోతాడేమోనని భయపడే స్థితికి వస్తుంది. దీన్ని భయగ్రస్త మైనారిటీ కథగా చదవడం ఒప్పే. అయితే కథ బరువు అంతా ఆ తల్లి పాటిస్తున్న దినపు విలువ మీద ఆధారపడి ఉంది. ఆమెకు జుమా అంటే ఏమిటో తెలియకపోతే ఆమె వదులుకోవడానికి సిద్ధపడినది ఎంతో పాఠకుడికి అందదు. వారానికొకసారి కొడుకు క్షేమానికి షుకర్ చెప్పుకునే చోటే కొడుకు క్షేమానికి ముప్పు కావడం ఆ కథలోని విషాదం. ఆరాధన పరిభాష లేని విమర్శకు ఇందులో సగమే చిక్కుతుంది.

ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ లోనూ దర్గా, పండుగలు బాల్యస్మృతి వెచ్చదనంతో వస్తాయి. అక్కడి నెల్లూరు వాతావరణం నల్లగొండది కాదు గనుక పోలికను ఎక్కువ దూరం లాగరాదు. అఫ్సర్ ‘ద ఫెస్టివల్ ఆఫ్ పీర్స్’ (2013) మాత్రం ఇక్కడి పరిశోధకుడు దాటిపోలేని గ్రంథం. అనంతపురం జిల్లా గూగూడులోని కుళ్లాయప్ప పీరును కేంద్రంగా చేసుకుని, భక్తుల సొంత మాటల నుంచి వ్యాఖ్యానం నిర్మించిన పద్ధతి దానిది. ఆంగ్లంలో రావడం వల్లనో ఏమో తెలుగు శాఖల పరిశోధనలో దాని పద్ధతికి రావలసినంత ప్రభావం రాలేదు. జాన్‌పహాడ్‌కు అటువంటి గ్రంథం రావలసి ఉంది.

6. ఎవరికి చెప్పే కృతజ్ఞత?

పీర్లకు, దర్గాలకు మొక్కడాన్ని ఇస్లాంలోని సంస్కరణవాదులు షిర్క్ అంటారు, కనీసం బిద్అత్ అంటారు. తబ్లీగీ జమాత్ ప్రభావం పెరిగిన కొద్దీ పీర్లను ఎత్తడం మానుకున్న ముస్లిం కుటుంబాలు తెలంగాణ పల్లెల్లో ఉన్నాయి. తెలుగు విమర్శ ఈ పరిణామాన్ని సాధారణంగా ఒక నష్టంగా, బయటి నుంచి వచ్చిన ఛాందసంగా మాత్రమే వర్ణిస్తుంది. ఈ వర్ణన పాక్షికం. సంస్కరణవాది అడుగుతున్నది నిజానికి కృతజ్ఞతను గురించిన ప్రశ్నే. బిడ్డను ఇచ్చింది ఎవరు? ఇచ్చినవాడికి కాక మరొకరికి షుకర్ చెప్పడం ఇచ్చినవాడిని మరవడం కాదా? ధర్మశాస్త్రం ప్రకారం మొక్కు, అంటే నజ్ర్, అల్లా పేరనే చెల్లాలి. ఈ వాదానికి పల్లె దగ్గర ఉన్న జవాబు వసీలా: ఇచ్చింది అల్లాయే, అడిగిపెట్టింది సైదులు. ఊళ్లో పెద్దమనిషి ద్వారా పని చేయించుకున్నవాడు ఆ పెద్దమనిషికి కూడా దండం పెడతాడు కదా అన్న లోకజ్ఞానం ఈ జవాబులో ఉంది. రెండు వాదాలూ షుకర్ అవసరాన్ని ఒప్పుకుంటాయి, చిరునామా దగ్గర విడిపోతాయి.

సాహిత్యం ఈ వాదంలో ఏ పక్షాన ఉంది? ముస్లింవాద రచయితలు ఎక్కువగా పీర్ల వైపు మొగ్గారు. పీర్ల కొట్టం వారికి బాల్యం, ఊరు, కులాలకు అతీతమైన బంధుత్వం. ఆ మొగ్గు సహజమైనదే. కాని అలావా వదిలి అయిదు పూటల నమాజు పట్టిన మనిషికి తెలుగు కథలో లోపలి జీవితం ఇంకా సరిగా దొరకలేదు. అతను గడ్డం పెంచుకుని పక్కకు తప్పుకున్నవాడిగా దూరం నుంచి కనబడతాడు. చిన్ననాడు దూలా ఆడిన అలావాను దాటి మసీదుకు పోయే రాత్రి అతనికి ఏమనిపిస్తుందన్నది రాయదగిన కథ. దూదేకులవారి వంటి తెలుగు మాతృభాష గల ముస్లింల విషయంలో ఇది మరింత పదునైన చిక్కు. మసీదులో వారిని పీర్లను మొక్కేవారని తక్కువ చేస్తారు, బయట తురకలని వేరు చేస్తారు. పీర్లను వదిలితే ఒక గౌరవం దొరుకుతుంది, ఒక ఊరు పోతుంది. ఈ ఎంపికను ఛాందసం అన్న ఒక్క మాటతో ముగించడం వారి మీద రెండవసారి తీర్పు చెప్పడమే అవుతుంది.

ముస్లిం ఇల్లు ఒక్కటీ లేని ఊళ్లలో పీర్ల పండుగ జరగడం తెలంగాణలో కొత్త కాదు. అక్కడ పీర్లను ఎత్తేది హిందువులే, అలావా తవ్వేదీ దట్టీలు కట్టేదీ వారే. ఆ ఊళ్ల గురించి కూడా పత్రికల్లో మతసామరస్యపు వాక్యమే అచ్చవుతుంది. రెండవ మతం మనిషి లేనిచోట సామరస్యం ఎవరితో అన్న అనుమానం ఆ వాక్యానికి రాదు. నియ్యత్ వైపు నుంచి చూస్తే అక్కడ జరుగుతున్నది తేటతెల్లం: ముత్తాత అన్న మాటను మునిమనవడు చెల్లిస్తున్నాడు. ఒక్క పని మాత్రం ఆ ఊరివారు తమంతట తాము చేయలేరు. మలీద ముందు పెట్టుకున్నాక ఫాతెహా చదవడానికి అరబ్బీ వచ్చిన మనిషి కావాలి. అందుకోసం పక్క ఊరికో దగ్గరి పట్నానికో పోయి ముల్లాను బండి మీద ఎక్కించుకుని వస్తారు. పీర్లను తాను నమ్మని ముల్లా అయితే రావాలా వద్దా అన్నది ఆ సాయంత్రం అతను తేల్చుకోవలసిన విషయం. అతను వచ్చి చదివేదాకా మలీద ఎవరూ ముట్టరు.